మా వీధిలో బ్రాందీ షాపు వద్దు: తిరుపతి, చిత్తూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఖాళీగా ఉన్న మడిగెకు రాత్రికి రాత్రి ఇనుప గ్రిల్లు బిగిస్తారు. రెండో రోజు ఫ్రిజ్‌లు దిగుతాయి. మూడో రోజుకు అది వైన్ షాపని వీధి మొత్తానికీ తెలుస్తుంది. అప్పుడు మొదలవుతాయి మాకు ఫోన్లు. తిరుపతి నగరం నుంచి, రేణిగుంట, చంద్రగిరి వైపు నుంచి ఎక్కువ వస్తాయి. చిత్తూరు, పలమనేరు, పుత్తూరు నుంచి అప్పుడప్పుడు. ఊరు ఏదైనా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెట్టాం. మేం వకీళ్ళం కాదు, కాలనీ వాళ్ళం. అర్జీలు పెట్టీ, ఆఫీసుల చుట్టూ తిరిగీ నేర్చుకున్నదే ఇది.

మీరు అడిగేది మద్యనిషేధమా?

కాదు. నిషేధం మంచిదా చెడ్డదా అన్న చర్చలో మా గుంపులోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఇప్పటికే ఉన్నవి చాలు, బడి దారిలో, ఇళ్ళ మధ్య కొత్తవి వద్దు అన్న మాట మీద మాత్రం అందరం కలిశాం.

నిషేధం సంగతి మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1992లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళను ముందుండి నడిపిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఈ కథలో నిషేధం నిలవలేదని కొందరు ఎత్తిపొడుస్తారు. నిజమే, నిలవలేదు. కానీ ఒక ఊరి ఆడవాళ్ళు ఒక కొట్టు ముందు నిలబడటంతోనే అదంతా మొదలైందన్నది కూడా నిజమే. మాకు కావలసింది ఆ రెండో సంగతి.

తిరుమలలో మందు లేదు కదా, కింద తిరుపతిలో ఎందుకుంది?

కొండ మీది కట్టుబాటు కొండకే. అలిపిరి దాటి పైకి మద్యం తీసుకెళ్ళకూడదు. తిరుపతి నగరం మాత్రం లైసెన్సుల విషయంలో మామూలు మునిసిపల్ కార్పొరేషన్ కిందే లెక్క. భక్తులు తిరిగే దారి, అంటే రైల్వే స్టేషన్, బస్టాండు నుంచి లీలామహల్ సర్కిల్, నంది సర్కిల్ మీదుగా అలిపిరి దాకా, షాపులు ఉండకూడదని గత ప్రభుత్వం తన మద్యం పాలసీల్లోనే రాసింది. మీ షాపు ఆ దారిలోనో దాన్ని ఆనుకునో ఉంటే, ప్రస్తుత నోటిఫికేషన్ కాపీ తెచ్చుకుని ఆ షరతు ఏ మాటల్లో ఉందో చదివి, అర్జీలో మొదటి వాక్యం దాని మీదే పెట్టండి.

పుణ్యక్షేత్రం అన్న మాట సభలో బాగా పలుకుతుంది. ఎక్సైజ్ ఆఫీసులో అంతగా పనిచేయదు. అక్కడ టేపు పట్టిన కొలత పనిచేస్తుంది.

షాపు మా వీధిలోనే పెట్టాలని ఎవరు నిర్ణయించారు?

ఇది తెలియకే చాలామంది కార్పొరేటర్ ఇంటికో సర్పంచ్ ఇంటికో వెళ్ళి పోట్లాడతారు. ప్రభుత్వం గెజిట్‌లో ఫలానా మునిసిపాలిటీకి ఇన్ని షాపులు, ఫలానా మండలానికి ఇన్ని అని మాత్రమే ప్రకటిస్తుంది. లాటరీలో షాపు తగిలినవాళ్ళు ఆ పరిధిలో తమకు అనువైన మడిగె వెతుక్కుంటారు. ఎక్సైజ్ వాళ్ళు వచ్చి చూసి, దూరాలు కొలిచి, స్కెచ్ గీసి, సరేనంటే లైసెన్సు ఆ చిరునామాకు వస్తుంది.

అంటే వీధిని ఎంచుకున్నది లైసెన్సుదారు, ఒప్పుకున్నది ఎక్సైజ్ శాఖ, అద్దెకిచ్చింది మనలో ఒకరు. ఆ మూడో మనిషిని ఎవరూ పట్టించుకోరు. మడిగె ఓనరుతో ముందే నలుగురు పెద్దమనుషులు కూర్చుని మాట్లాడితే, మరీ ముఖ్యంగా వాళ్ళింటి ఆడవాళ్ళతో మాట్లాడితే, అర్జీ దాకా పోకుండానే తేలిపోయే అవకాశం ఉంది. అద్దె ఒప్పందం కాకముందు జరగాల్సిన పని ఇది. అడ్వాన్సు చేతులు మారాక మాట చెల్లదు.

ఇప్పుడున్న షాపుల పాలసీ 2024 అక్టోబరు 16న మొదలైంది. అప్పుడు రాష్ట్రమంతా 3,396 ప్రైవేటు షాపులకు లాటరీ తీశారు. గడువు 2026 సెప్టెంబరు 30 దాకా. బార్లకు వేరే పాలసీ ఉంది, అది 2025 సెప్టెంబరు 1 నుంచి మూడేళ్ళు. పాలసీ మారే ముందరి రెండు మూడు నెలలే అసలు అదను. షాపు తెరిచాక మార్పించడం కన్నా, ఆ వీధిలో అభ్యంతరం ఉందని ముందే రికార్డులో పెట్టడం చాలా సులువు.

వంద మీటర్ల రూల్ అంటారు, అదేంటి?

బడి, గుడి, ఆసుపత్రికి వంద మీటర్ల లోపల షాపు ఉండకూడదన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన. వినడానికి తేలిక. తిరకాసంతా బడి అంటే ఏది, గుడి అంటే ఏది, కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న దగ్గరుంది.

బడి అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి లేదా కాలేజీ. మన తిరుపతిలో వీధికొక కోచింగ్ సెంటరు, సందుకొక హాస్టలు. అవి ఈ లెక్కలోకి వస్తాయని నమ్మకం పెట్టుకోకండి. అంగన్‌వాడీ కూడా అంతే. గుడి అంటే దేవదాయ శాఖలో రిజిస్టరైన గుడి, మసీదైతే వక్ఫ్ బోర్డులో ఉన్నది. వేపచెట్టు కింద గంగమ్మ గుడికి ఏటా జాతర చేస్తాం, పొంగళ్ళు పెడతాం, కానీ కాగితం లేకపోతే ఆ అమ్మవారు లెక్కలోకి రాదు. ఆసుపత్రి ప్రభుత్వానిదైతే సరే, ప్రైవేటుదైతే ముప్పై పడకలైనా ఉండాలని నిబంధనల్లో రాస్తూ వచ్చారు.

ఇక కొలత. మ్యాపులో గీసిన సూటి గీత చూసి ఎనభై మీటర్లే అని సంబరపడొద్దు. మామూలుగా మనిషి నడిచిపోయే దగ్గరి దారిని కొలుస్తారు. షాపు గుమ్మం మధ్య నుంచి బడి గేటు మధ్యకు. ఒక డివైడర్ అడ్డం ఉండి చుట్టూ తిరిగి రావాల్సి వస్తే లెక్క వంద దాటేస్తుంది. ఇందులో చిన్న గమ్మత్తుంది: బడికి వెనక గేటు ఉంటుంది, పిల్లలు రోజూ దాంట్లోంచే వస్తుంటారు, ఆఫీసు స్కెచ్‌లో మాత్రం ముందు గేటే కనిపిస్తుంది. అందుకే ఆ వెనక గేటులోంచి పిల్లలు బయటికొచ్చే సమయంలో ఫొటో తీయండి. హెడ్‌మాస్టరు గారి చేత ఆ గేటు వాడుకలో ఉందని ఒక ముక్క రాయించుకోండి. టేపుతో కొలిచేటప్పుడు వీడియో తీస్తూ, సర్వేయరో ఇంజనీరో తెలిసినవాళ్ళను పక్కన పెట్టుకోండి.

హైవే పక్కన షాపులు పెట్టకూడదని సుప్రీంకోర్టు చెప్పింది కదా?

చెప్పింది, తర్వాత సడలించింది కూడా. 2016 డిసెంబరు తీర్పులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల దూరం అన్నారు. 2017 మార్చిలో ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట 220 మీటర్లకు తగ్గించారు. అదే ఏడాది జులైలో మునిసిపల్ పరిధిలోని షాపులకు ఇది అడ్డు కాదన్నారు. కాబట్టి తిరుపతి నగరం లోపల ఈ తీర్పు పట్టుకుని వెళ్తే పని కాదు. బంగారుపాళ్యం వైపు బెంగళూరు రోడ్డు మీద పల్లె పరిధిలోని షాపైతే అడిగి చూడొచ్చు. 2018లో పంచాయతీల విషయంలోనూ రాష్ట్రానికి కొంత వెసులుబాటు ఇచ్చారు కనుక మరీ ధీమాగా ఉండకండి.

గ్రామసభలో తీర్మానం చేస్తే షాపు ఆగుతుందా?

దానంతట అది ఆగదు. మహారాష్ట్రలో ఊరి ఆడవాళ్ళు ఓటు వేసి షాపు మూయించే ఏర్పాటు ఉంది. గిరిజన షెడ్యూల్డు ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం మద్యం విషయంలో గ్రామసభకు అధికారం ఇచ్చింది. మన తిరుపతి, చిత్తూరు జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతాలు కావు, మహారాష్ట్ర పద్ధతి మనకు లేదు.

అయినా తీర్మానం చేయించండి. పంచాయతీ మినిట్స్ బుక్కులో ఎక్కిన మాటకు, నోటి మాటకు తేడా ఉంది. రేపు కోర్టుకు పోవాల్సి వస్తే వకీలు మొదట అడిగే కాగితం అదే. సభలో ఆడవాళ్ళు వచ్చి సంతకాలు చేయాలి. మొగుడి పేరు పక్కన ఫలానా భార్య అని కాకుండా ఎవరి పేరుతో వాళ్ళు.

అర్జీ ఎవరికి ఇవ్వాలి, ఎలా రాయాలి?

జిల్లా ఎక్సైజ్ అధికారికి ఒకటి, కలెక్టరుకు ఒకటి, స్థానిక ఎక్సైజ్ స్టేషన్ సీఐకి ఒకటి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు (జనం నోట్లో ఇంకా గ్రీవెన్సే, లేకపోతే స్పందనే) వెళ్ళి ఇస్తే నంబరుతో రసీదు ఇస్తారు. ఆ రసీదు లేని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

రాసేటప్పుడు ఆవేశం తగ్గించి, వివరం పెంచండి. "మా కాలనీలో మద్యం షాపు వల్ల మహిళలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు, తగు చర్యలు తీసుకోగలరు" అని రాస్తే "విచారించి చర్యలు తీసుకున్నాం" అని జవాబొస్తుంది. రెండూ ఒకే రకం మాటలు మరి. దానికి బదులు ఇలా రాయండి: "ఫలానా డోర్ నంబరు మడిగెలో ఫలానా నంబరు గల షాపు తెరవబోతున్నారు. దీని గుమ్మం నుంచి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల తూర్పు గేటుకు నడక దారిలో 74 మీటర్లు. కొలిచిన వీడియో, ఫొటోలు జతపరిచాం. మా సమక్షంలో తిరిగి కొలిపించి, ఆ నివేదిక కాపీ ఇప్పించగలరు." చివరి వాక్యమే అసలు సంగతి. అధికారిని తీర్పు చెప్పమని అడగడం లేదు, ఒక పని చేయమని అడుగుతున్నాం. చేశారా లేదా అన్నది తేలికగా తేలుతుంది.

జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు. జిల్లా ఆఫీసుకు పది రూపాయలు ఫీజు, మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. ముప్పై రోజుల్లో చెప్పాలి. షాపు స్థలాన్ని ఆమోదించిన ఉత్తర్వు, తనిఖీ నివేదిక, దూరాల స్కెచ్, ఈ మూడింటి కాపీలు అడగండి. ఎందుకిచ్చారు, న్యాయమేనా అని ప్రశ్నలు వేస్తే సమాచారం కాదంటూ తిప్పికొడతారు.

బెల్టు షాపు గురించి ఎవరికి చెప్పాలి? చెప్తే పేరు బయటపడుతుందేమోనని టెన్షన్.

మా అనుభవంలో మద్యం విస్తరణ అంటే అసలు ఇదే. లైసెన్సు షాపు లెక్కలో ఒకటే ఉంటుంది, దాని సరుకు నాలుగు పల్లెల్లో కిరాణా కొట్లలో, పాన్ డబ్బాల్లో, కొన్నిచోట్ల ఇంట్లో మంచం కింద దొరుకుతుంది. క్వార్టరు మీద ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ తీసుకుంటారు. పొద్దున ఆరింటికి తలుపు కొట్టినా ఇస్తారు.

ఇది ఎందుకు ఆగదో అర్థం చేసుకోవాలంటే లైసెన్సు డబ్బు చూడాలి. దరఖాస్తుకే రెండు లక్షలు, షాపు రాకపోయినా తిరిగిరావు. వచ్చాక ఆ ప్రాంతం జనాభాను బట్టి మొదటి ఏడాది 50 లక్షల నుంచి 85 లక్షల దాకా ఎక్సైజ్ ట్యాక్స్ వాయిదాల్లో కట్టాలి. సరుకు అమ్ముడైనా కాకపోయినా వాయిదా ఆగదు. జనాభా తక్కువున్న మండలంలో ఒక్క కౌంటరు మీద అంత డబ్బు రాబట్టడం కష్టం. అందుకే సరుకు పల్లెలకు నడిచిపోతుంది. బెల్టు షాపు నడిపే ముసలమ్మను తిడితే ఏం లాభం, ఆమెకు పెట్టెలు దింపే ఆటో ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

ఫిర్యాదులో కూడా అదే రాయాలి. సీసా మీది లేబుల్, బ్యాచ్ నంబరు ఫొటో తీస్తే ఏ షాపుకు వెళ్ళిన సరుకో శాఖ కనుక్కోగలదు. బెల్టు షాపుకు సరుకిస్తే లైసెన్సుదారుకు మొదటిసారి ఐదు లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ మాటను వాళ్ళకే గుర్తు చేయండి.

పేరు సంగతి: ఒక్కరే వెళ్ళకండి. డ్వాక్రా సంఘం తరఫున, లేదా వార్డులో పదిమంది కలిసి ఇవ్వండి. పల్లెలో అమ్మేవాళ్ళు మనకు అత్తో చిన్నమ్మో అవుతుంటారు, మొహమాటం ఉంటుంది. సంఘం లీడరుగా మాట్లాడితే "ఏందిమ్మే, నా పొట్ట కొడతావా" అన్న మాట ఒక్కరి మీద పడదు. బెదిరింపు వస్తే 112.

షాపు పక్కన పర్మిట్ రూం (కొన్న మందు అక్కడే కూర్చుని తాగే గది) కడుతున్నారు. అది చట్టబద్ధమేనా?

2019లో ప్రభుత్వమే షాపులు నడిపిన కాలంలో పర్మిట్ రూములు ఎత్తేశారు. 2025లో ఫీజు కట్టించుకుని మళ్ళీ అనుమతించారు. ఫీజు కట్టి ఉంటే చట్టబద్ధమే. వీధిలో నిలబడి తాగేకన్నా లోపల తాగడం నయం కదా అని వాదించేవాళ్ళున్నారు, అందులో కొంత నిజం ఉందని మాలో కొందరు ఒప్పుకుంటారు కూడా. కానీ రూం వచ్చాక మనిషి సీసా కొనుక్కుని ఇంటికి పోవడం మానేసి గంటలకొద్దీ అక్కడే ఉంటాడు. పక్కన చికెన్ పకోడీ బండి వస్తుంది, బైకులు రోడ్డెక్కుతాయి, పది గంటలకు షాపు మూసినా సందడి మూయరు. ఇవన్నీ తేదీ, టైము వేసి నోట్ చేసుకోండి. రోడ్డు ఆక్రమణ మీద మునిసిపాలిటీకి, న్యూసెన్స్ మీద ఆర్డీవోకు విడివిడిగా ఇవ్వొచ్చు. ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఉత్తర్వు ఇచ్చే అధికారం కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు ఉంది. పాత సీఆర్పీసీలో ఇదే 133.

షాపులు తగ్గిస్తే ప్రభుత్వానికి ఆదాయం ఎలా? పథకాలు ఆగిపోవా?

మందు మీద జీఎస్టీ లేదు. దాని అమ్మకం మీద పన్ను వేసుకునే అధికారం రాష్ట్రానిది. ఏ పార్టీ వచ్చినా దాన్ని వదులుకోకపోవడానికి కారణం ఇదే. ఈ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉందని నటించం కూడా. అయితే మేం అడిగేది బడి పక్కన కౌంటరు తీయమని. దానివల్ల ఖజానా కుప్పకూలదు. ఒక కూలి మనిషి సాయంత్రం షాపులో పెట్టిన నోట్లు ఆ ఇంటి లెక్కలో ఖర్చు, బడ్జెట్ లెక్కలో రాబడి. రెండు లెక్కలూ ఒకే చోట రాసి చూసినవాళ్ళు తక్కువ.

షాపు లేకపోతే నాటు సారా, కర్ణాటక ప్యాకెట్లు వస్తాయి కదా?

వస్తాయి. చిత్తూరు జిల్లాకు అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. కుప్పం, వి.కోట, పలమనేరు వైపు టెట్రా ప్యాకెట్లు ఎప్పటి నుంచో వస్తూనే ఉన్నాయి, షాపులు నిండుగా ఉన్నప్పుడు కూడా. 2025 అక్టోబరులో మదనపల్లె వైపు ములకలచెరువులో నకిలీ మద్యం తయారుచేసే చోటు పట్టుబడింది. అప్పుడు షాపులు తక్కువై కాదు. అమ్మే చోట్లు పెరిగే కొద్దీ కల్తీ సరుకు కలిసిపోవడానికి సందులు పెరుగుతాయి. మద్యం దొరికే చోట్లను, వేళలను కట్టడి చేయడం నష్టం తగ్గించే మార్గాల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

ధర్నా చేయొచ్చా?

చేయొచ్చు, పోలీసులకు ముందు చెప్పి. రోడ్డుకు అడ్డం కూర్చోవద్దు, షాపులో సీసాలు పగలగొట్టొద్దు. ఒక్క సీసా పగిలితే మరుసటి రోజు నుంచి వార్త షాపు మీద ఉండదు, మన మీద పెట్టిన కేసు మీద ఉంటుంది. కౌంటరులో ఉండే కుర్రాళ్ళను తిట్టకండి, వాళ్ళూ మన పక్క ఊరి పిల్లలే, జీతానికి వచ్చినవాళ్ళు.

పక్క వీధికి మార్చారు. మనం గెలిచినట్టేనా?

చేదైన ప్రశ్న. లైసెన్సు రద్దు కాకుండా స్థలం మాత్రమే మారడం మామూలు. మన దగ్గర నుంచి తీసి పేదల గుడిసెల దగ్గర పెడితే సంతోషించడానికి ఏముంది? ఇళ్ళకు, బళ్ళకు దూరంగా, నలుగురు తిరిగే వ్యాపార వీధిలో పెట్టమని అర్జీలోనే రాయడం మేలు. పక్క వార్డు వాళ్ళను మొదటి రోజు నుంచే కలుపుకోండి.

మా ఆయనే తాగుతాడు. నేను సంతకం పెడితే ఇంట్లో గొడవ.

అయితే పెట్టకండి. సంతకాలకు కొదవ లేదు. కొలతలకు రండి, కాగితాలు చదివి పెట్టండి, ఎవరూ అడగరు. ఇంట్లో చేయి చేసుకుంటే 181కి చేయండి, అది వేరే సంగతి, అర్జీ కోసం ఆగాల్సిన పని లేదు.

ఇంకో మాట. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం లాంటివి వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. డాక్టరు దగ్గర మందులతో మాన్పించాలి. రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. 14446 కేంద్ర ప్రభుత్వ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బు కట్టాల్సిన పని లేదు.

షాపు ఓనరు మనిషిని పంపాడు. వినాయక చవితి పందిరికి, గంగమ్మ జాతరకు పెద్ద చందా ఇస్తాడట. తీసుకోవచ్చా?

తీసుకోవద్దు. రసీదు పుస్తకంలో ఆ పేరు పడిన రోజే మీ అర్జీ చచ్చిపోతుంది. విచారణకు వచ్చిన అధికారి ముందు ఆయన ఆ రసీదే తీసి చూపిస్తాడు. చందా అడగడానికి వెళ్ళే కుర్రాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి.